పోర్ట్‌గారో లైఫ్‌బోటుకి ఎదురొచ్చిన మనిషి

పోయిన నెల పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా పోర్ట్‌గారో ఊరి లైఫ్‌బోటు, అదే సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే పడవ, దాని చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. పడవ సరంగు భార్యని కదా, నన్నడిగితే తెలుస్తుందని ఎవరో పంపించారు. టీ పోసి, ఓట్స్ రొట్టెకి వెన్న రాసి పెట్టాను. శుభ్రంగా తిన్నాడు. పడవ పొడుగెంత, ఇంజను బలమెంత, ఏ తుపానులో ఎంతమందిని ఒడ్డుకు చేర్చింది, మా ఆయనకి పతకం ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఇవన్నీ అడిగి రాసుకున్నాడు. నేను మా వదిన బెథియా సంగతి ఎత్తగానే, "ఆవిడ పడవలో పనిచేశారా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఆవిడ మన విషయంలోకి రారు" అని కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. రాదట! నీ తెలివి తెల్లారినట్టే ఉంది నాయనా అనుకున్నాను. ఆ పడవ ఉన్నన్నాళ్ళూ మా వదిన ఏ గదిలో ఉందో చూసుకుని గాని ఒక్కసారి నీళ్ళలోకి దిగలేదు. ఆయన రాసుకోకపోతే పోయె, నేను చెబుతాను.

బెథియా మా ఆయన జేక్‌కి అక్క. పుట్టడమే ఉడికిన పీత రంగు జుట్టుతో పుట్టింది. మా ఒడ్డున చేపలవాడు పడవకి పోతూ ఎర్రజుట్టు ఆడదాన్ని చూశాడంటే వేట పాడైనట్టే. వెనక్కి తిరిగి ఇంటికి పోయి, కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరవలసిందే. పాస్టరుగారు ఎదురొచ్చినా అంతే. పడవలో ఎవడి నోటి వెంటైనా పంది అన్న మాట వచ్చినా అంతే, వెంటనే దగ్గర్లో ఉన్న ఇనుప ముక్క పట్టుకుని "చల్లని ఇనుము" అనాలి. కొండంత అలకి బెదరని మగాళ్ళు ఒక ఆడపిల్ల జడకి బెదిరి ఇంటికి పరిగెత్తడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. చూసి చూసి నవ్వు కూడా రావడం మానేసింది.

మా మామగారి ఇల్లు రేవుకి పోయే దారిలో ఆఖరిది. ఎవడు పడవెక్కాలన్నా ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి. అందుకని ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే కట్టడి: పడవలన్నీ రేవు దాటేదాకా గడప దాటకూడదు. దాంతో రోజూ బడికి ఆలస్యంగా పోయేది. ఆలస్యంగా వచ్చావని పంతులమ్మ బెత్తం పుచ్చుకునేది. ఆ పంతులమ్మ అన్నదమ్ములూ చేపలవాళ్ళే! వాళ్ళకి ఎదురు రావద్దని ఇంట్లో ఆపేదీ ఈ ఊరే, ఆగినందుకు అరచేతులు వాయగొట్టేదీ ఈ ఊరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుగా పెరిగింది మా వదిన.

మరొకతె అయితే ఏడుస్తూ కూర్చునేది. మా వదిన ఏడ్చే రకం కాదు. వయసొచ్చాక తన జుట్టు ఖరీదు ఆవిడకి బాగా తెలిసొచ్చింది. ఎవడైనా తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టాడనుకోండి, దెబ్బలు తిన్నావిడ సాయంత్రం మెల్లగా వచ్చి మా వదిన వంటింటి గుమ్మంలో నిలబడేది. "బెథియా, రేపు పొద్దున కాస్త నిలబడతావా?" అంతే, ఇంకో మాట అక్కర్లేదు. మర్నాడు తెల్లారి వాడి అడుగుల చప్పుడు వినపడగానే మా వదిన జుట్టు విరబోసుకుని, చేతులు కట్టుకుని దారి మధ్యలో నిలబడేది. ఆ మహానుభావుడు వల భుజాన వేసుకుని వచ్చేవాడు, చూసేవాడు, దొరికిన గొళ్ళెమో ఇనుప మేకో పట్టుకుని గొణుక్కుంటూ ఇంటికి పరుగు. నీళ్ళు తాగి మళ్ళీ వస్తే మళ్ళీ ఆవిడే ఎదురు. మర్నాడూ నిలబడేది. ఆ మర్నాడూ నిలబడేది. ఇంకో రెండు రోజులకి వాడు కాళ్ళబేరానికి వచ్చేవాడు, వదిన దగ్గరికి కాదు, పెళ్ళాం దగ్గరికి. మా ఊరికి పోలీసు లేడన్న లోటు ఆడవాళ్ళకి ఏనాడూ తెలియలేదు. పాస్టరుగారి నీతులు ఏళ్ళ తరబడి చేయని పని ఒక జడ చేసిపెట్టింది.

పెళ్ళి మాత్రం కాలేదు. "ఎవడు చేసుకుంటాడే? పొద్దున్నే పక్కలో ఆ తల కనపడితే ఇంక వేటేం ఉంటుంది?" అని జేక్ నవ్వేవాడు. తోడబుట్టినవాడు అనే మాటేనా అది? "నేను రోజూ నీ మొహం చూసి లేస్తున్నాను, నాకేం కలిసొచ్చిందో చెప్పు" అనేదాన్ని. జావ తాగేసి పోయేవాడు.

ఇలా ఉండగా మోటారు లైఫ్‌బోటు వచ్చింది. అంతకుముందు ఉన్నది తెడ్ల పడవ. ఆగ్నెస్ విట్‌లా అని ఒక ధనవంతురాలు, జన్మలో సముద్రం మొహం చూడని మనిషి, మేనల్లుళ్ళ మీద కోపంతో ఆస్తంతా లైఫ్‌బోటు సంఘానికి రాసి కన్నుమూసింది. ఆ సొమ్ముతో పడవ కట్టి, నీలం తెలుపు రంగులు వేసి, నుదుట ఆవిడ పేరే రాసి తెచ్చారు. ఆ రోజు బ్యాండు మేళం, ఈకల టోపీల దొరసానులు, గాలికి ఎగిరిపోయిన ఉపన్యాసాలు. జేక్‌ని సరంగుని చేశారు. ఆడదాని సొమ్ముతో కట్టి ఆడదాని పేరు పెట్టిన ఆ పడవలో ఆడది కాలు పెడితే అపశకునమట!

పడవతోపాటు దానికో మెకానిక్ కావలసి వచ్చాడు. మావాళ్ళలో ఇంజను తెలిసినవాడు లేడు, నేర్చుకుంటానన్నవాడూ లేడు. ఇంజను కంపుకి చేపలు పారిపోతాయని మా మేధావుల వాదన. లైఫ్‌బోటు చేపలు పట్టదుగా! చివరికి లోపలి పల్లెల్లో నూర్పిడి యంత్రాలు బాగుచేసుకునే డంకన్ మెల్‌డ్రమ్‌ని నెల జీతం మీద తెచ్చారు. పొడుగ్గా, సన్నగా, నత్తి లేకపోయినా నత్తి ఉన్నవాడిలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. మట్టి పిసుక్కునేవాడికి మా ఇంట్లో చోటేమిటని ఒక్కరూ గది ఇవ్వలేదు. మా వదిన ఇచ్చింది. అప్పటికి మామగారు పోయారు, ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

మొదటి రోజు పొద్దున ఇంజను చూసుకోవడానికి డంకన్ బయల్దేరాడు. వదిన గుమ్మంలో జుట్టు దువ్వుకుంటోంది. ఆయన టోపీ తీసి పలకరించాడట.

"ఏం అబ్బాయ్, కళ్ళు కనపడవా?" అంది వదిన.

"కనపడతాయండి. ఏం?"

"నా జుట్టు ఏ రంగు?"

"ఎరుపండి."

"పోయేది పడవకేనా?"

"అవునండి."

"మరి వెనక్కి తిరగవేం?"

ఆయన జేబులు తడుముకుని, "ఏమైనా మర్చిపోయానా అండీ?" అన్నాడట.

ఆ మాట నాకు చెబుతూ వదిన పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ముప్పై దాటిన మనిషిని పొద్దున పూట మొట్టమొదటిసారి ఒక మగాడు పలకరించాడు. చలికాలం వచ్చేలోపు పెళ్ళి చేసుకున్నారు.

ఇక చూడండి గోల. పడవ మనుషులంతా షెడ్డులో సభ పెట్టారు. మెకానిక్ రోజూ ఆ తల చూసి పడవెక్కితే మనమంతా నీళ్ళ పాలేనని పెద్ద ఫిన్లే అందుకున్నాడు. జేక్ తరవాత సరంగు కావలసినవాడు వాడు, ఎద్దులా ఉంటాడు. డంకన్ జీతం మనిషి, తీసేయడానికి వీల్లేదు. అందుకని బుర్రలన్నీ కలిపి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆపద వేళ పడవవాళ్ళని పిలిచే జువ్వలు పేలగానే బెథియా వెనక గదిలోకి పోయి, తలకి గుడ్డ చుట్టుకుని, తలుపేసుకుని, కిటికీ తెర లాగేసుకోవాలి. డంకన్ గుమ్మంలోంచి రాకూడదు. అది ఆవిడ తొక్కే గడప కదా, అందుకని పక్క కిటికీలోంచి దూకి రావాలి.

ఆ తీర్పు పట్టుకుని జేక్ అక్క ఇంటికి వెళ్ళాడు. వినోదం చూద్దామని నేనూ వెళ్ళాను.

"ఏరా తమ్ముడూ, నువ్వు సరంగువా, సోది చెప్పేవాడివా?" అంది వదిన.

"నా నమ్మకాల సంగతి కాదక్కా. మనుషులు పడవెక్కాలా వద్దా?"

"ఎక్కకపోతే మానుకోమను."

డంకన్ మధ్యలో కల్పించుకున్నాడు. "పోనీలే బెథియా. ఏ దారిన వెళ్ళినా నా ఇంజను నాకోసం చూస్తూనే ఉంటుంది. దూకుతాను బావా, దానికేం."

అలా మొదలైంది ఆ పడవ ఉద్యోగం, ఒక మనిషి తలుపేసుకోవడంతోటీ, ఒక మనిషి కిటికీ దూకడంతోటీ.

ఆ పడవ చేసిన ఘనకార్యాలు షెడ్డు గోడ మీద బంగారు అక్షరాల్లో రాసి ఉన్నాయి. వాటిలో ఎంత సారముందో ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళని అడగండి. మొట్టమొదట కాపాడింది పక్క ఊరి చేపల పడవని. అది మునగడం లేదు, అందులో ఉన్న ఒక్కడూ తాగి పడుకున్నాడు. లేపి తాడు కట్టబోతే మావాళ్ళ మీదికి బంగాళదుంపలు విసిరాడు. రెండోసారి సముద్రం మధ్యలో దీపం కనపడిందని పరిగెత్తారు. అది కొండ మీద పశువుల దొడ్డిలో ఈనుతున్న ఆవు పక్కన పెట్టిన లాంతరు. యుద్ధం రోజుల్లో మాత్రం నిజంగానే కష్టపడ్డారు, కాదనను. కూలిన విమానాల కోసం మంచులో తిరిగి, మంచు కరిచిన వేళ్ళతో వచ్చేవాళ్ళు. దొరికినవాళ్ళ గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పేవాళ్ళు కాదు.

అన్నిటికంటే గొప్పది నార్వే కలప ఓడ సంగతి. ముసలాడి పళ్ళు అని మా రేవు బయట బండలున్నాయి, ఆ ఓడ వాటి మీదెక్కింది. ఏడుగుర్ని దించారు. ఆఖరికి వంటవాడు పందిపిల్లని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. జేక్‌కి ఆ మాట నోట అనడానికి లేదు.

"ఆ... దాన్ని వదిలేసి దూకవయ్యా!"

"దేన్ని?"

"అదే, నీ చంకలోదాన్ని!"

"ఇది లేకుండా నేను రాను."

అలలు నెత్తి మీద విరుగుతుంటే ఎంతసేపని బేరమాడతారు? ఎక్కించుకున్నారు. ఒక్కొక్కడూ ఒక చేత్తో ఇనుము పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒడ్డుకి చేరారు. పడవ మునిగిందా? లేదు. ఎవడికైనా జలుబైనా చేసిందా? లేదు. ఆ పందిపిల్ల పాస్టరుగారి దొడ్లో చాలా కాలం బతికింది. అయినా మావాళ్ళకి బుద్ధి రాలేదు. జువ్వలు పేలితే మా వదిన గదిలోకి పోవాలి, తెర లాగాలి.

అన్నేళ్ళూ ఆ ఇంటి పక్కనే ఉన్న పడవ నీళ్ళలో పడే చప్పుడు వినడమే గాని, ఆవిడ ఒక్కసారి కళ్ళారా చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎర్రజుట్టు ఎదురొచ్చినా దోషం లేదట! వేడి టీ పట్టుకుని ఎదురొస్తే అసలే లేదట! తాగేవాళ్ళు, మీసాలు తుడుచుకునేవాళ్ళు, "సల్లగుండు బెథియా" అనేవాళ్ళు. సిగ్గూ శరం ఏ సముద్రంలో పారేశారో.

మా అబ్బాయి లౌరీ పెద్దవాడై గ్లీనర్ అనే చేపల పడవలో చేరాడు. వాణ్ణి పెంచింది సగం మేనత్తే. పిల్లలు లేని ఇల్లు కదా, వాడు పొద్దున నా దగ్గర జావ తాగితే మధ్యాహ్నం అక్కడ వేపుడు చేపలు తినేవాడు. చిన్నప్పుడు ఆవిడ జడ పట్టుకుని గుర్రం ఆట ఆడేవాడు.

ఆ ఏడు జనవరిలో ఒకరోజు భోజనాల వేళ ఈశాన్యం నుంచి గాలి లేచింది. అంతకుముందే మంచు పడి రాళ్ళన్నీ గాజులా ఉన్నాయి. గ్లీనర్ రేవులోకి రాబోయి దారి తప్పి ముసలాడి పళ్ళ మీదెక్కింది. ఒడ్డు నుంచి కనపడుతోంది. దాని తెరచాప కొయ్యకి ఐదుగురు వేలాడుతున్నారు, పసుపు చొక్కావాడు మా లౌరీ. ఆ చొక్కా నేను కుట్టిందే. జువ్వలు పేలాయి. జేక్ కంచం ముందు నుంచి లేచి పరిగెత్తాడు, వెనకాలే నేను. మధ్యలో పెద్ద ఫిన్లే, మిగతావాళ్ళూ కలిశారు. అందరం మంచు మీద జారుకుంటూ రేవు దారిలో దిగుతున్నాం.

ఇక్కడ వదిన ఇంట్లో ఏం జరిగిందంటే, డంకన్ అన్నయ్య ఎప్పట్లాగే కిటికీలోంచి దూకాడు. కిటికీ గట్టు మీద మంచు. కాలు జారి రాళ్ళ మీద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు తలుపేసుకున్న గదిలోకి వినపడిందట. ఆయన లేకపోతే ఇంజను లేదు, ఇంజను లేకపోతే పడవ లేదు. మా అత్తల కాలంలో ఆడవాళ్ళు మొగుళ్ళ కాళ్ళు తడవకుండా వీపున మోసుకుపోయి పడవెక్కించేవాళ్ళు. మా వదిన అదే చేసింది. తలుపు తీసుకుని, పక్కకి వెళ్ళి, డంకన్‌ని వీపు మీద వేసుకుని దారిలోకి వచ్చింది. తలకి చుట్టిన గుడ్డ ఆయన చేతిలోకి ఊడొచ్చింది. జుట్టంతా గాలికి లేచింది.

సరిగ్గా మేము మలుపు తిరిగాం.

మీరు నమ్మరు. నేను కళ్ళారా చూశాను. ఒక్కడంటే ఒక్కడు ముందుకి అడుగు వేయలేదు. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఆలోచించి తిరిగారంటే అదో రకం, ఆలోచన లేకుండా, గొర్రెలమందలా తిరిగారు. పెద్ద ఫిన్లే దారి పక్క ఇనుప కమ్మీ పట్టుకుని, "ఇంటికి పోయి కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరదాం" అన్నాడు. వాడి ఇల్లు గుట్ట మీద! వాడు పోయి, కూర్చుని, తాగి వచ్చేసరికి ఆ కొయ్యకి ఎవడు మిగులుతాడు?

"జేక్!" అని అరిచాను. "అటు చూడు! నీ కొడుకు!"

జేక్ మొహం సున్నం కొట్టినట్టుంది. ఆయన చెయ్యి కూడా ఆ కమ్మీ మీదే ఉంది. "ఈ శకునం దాటిపోతే అందరం పోతామే, ఎల్స్‌పీ. మేం పోతే వాడూ పోతాడు. ఆపద మీద ఆపద తేవద్దు" అన్నాడు. నటన కాదు, నిజంగా నమ్మాడు. అదే నాకు ఇప్పటికీ మండే సంగతి. సముద్రానికి భయపడితే క్షమించేదాన్ని.

వదిన డంకన్‌ని తన గుమ్మం మెట్టు మీద దించింది. రొప్పుతోంది.

"ఏరా తమ్ముడూ, పందిని ఎక్కించుకున్నారు కదరా! నేను ఎక్కుతానని కూడా అనలేదే. నా మొగుణ్ణి ఎక్కించుకోండి చాలు."

ఎవడూ కదల్లేదు. డంకన్ పళ్ళు బిగబట్టి, "బావా, కొయ్య వంగుతోంది, చూస్తున్నావా?" అన్నాడు. అయినా కదల్లేదు.

వదిన జేబులోంచి చేపలు కోసే కత్తి తీసింది. ఎడమ చేత్తో జుట్టు గుప్పిట పట్టి, తల దగ్గరగా కోసి పారేసింది. మళ్ళీ ఒక గుప్పిట. మళ్ళీ. చెవి మీద తెగి రక్తం మెడలోకి కారింది, ఆగలేదు. చేపల పొట్టలు చీల్చే చెయ్యది, ఎంతసేపు పట్టింది కనక! ఆ జుట్టంతా మంచు మీద పడింది. కొంత గాలికి ఎగిరి ఫిన్లే బూట్ల మీద పడితే వాడు కాలు విదిలించుకున్నాడు.

"ఇదిగో, చూడండి. ఎరుపెక్కడుందో చూపించండి" అంది.

జేక్ కమ్మీ వదిలాడు. తల దించుకుని, అక్క మొహం వైపు చూడకుండా, ఆ జుట్టు మీద అడుగు పడకుండా పక్కగా దాటాడు. ఆయన వెనక మిగతావాళ్ళు. ఇద్దరు డంకన్‌ని ఎత్తుకుని పరిగెత్తారు. షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి, పడవ జారి నీళ్ళలో పడింది. మా వదిన అలా నిలబడి చూసింది. మొట్టమొదటిసారి చూడటం. నేను నా శాలువా తీసి ఆవిడ తలకి చుట్టాను. "చప్పుడు వింటే ఇంకా పెద్ద పడవ అనుకున్నానే" అంది.

డంకన్ విరిగిన కాలిని ఇంజను పెట్టెకి తాడుతో కట్టేసుకుని ఇంజను నడిపాడట. ఐదుగురిలో నలుగుర్ని దించారు. గ్లీనర్ యజమాని అప్పటికే అలల్లో కొట్టుకుపోయాడు. దారిలో ఆగకపోతే ఆయన కూడా దక్కేవాడేమో, అది ఆయన పెళ్ళాం మా మొహాన అనలేదు గాని, నేను అంటాను. మా లౌరీ ఆఖర్న దిగాడు. ఒడ్డుకి తెచ్చాక వాడి గుప్పిళ్ళు విప్పడానికి ఇద్దరం కావలసి వచ్చింది, నేను ఒక చెయ్యి, వదిన ఒక చెయ్యి.

పతకం జేక్‌కి వచ్చింది. పట్నంలో పెద్ద హాలు, తెల్ల చేతితొడుగుల దొరగారు. "క్షణమైనా తటపటాయించకుండా కన్నకొడుకు కోసం, తోటివారి కోసం సముద్రానికి ఎదురేగిన ధీరుడు" అని చదివారు. నేను గట్టిగా దగ్గాను. జేక్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. వెనక బల్ల మీద మా వదిన టోపీ చెవుల దాకా లాక్కుని కూర్చుంది. డంకన్‌కి ఒక అభినందన కాగితం ఇచ్చారు. కాలు వంకరగా అతికింది కాబట్టి ఉద్యోగం తీసేశారు. ఆ తరవాత ఆయన ఇంట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేసేవాడు. కొత్త మెకానిక్ మా ఊరి కుర్రాడే. ఇప్పుడు ఇంజను కంపు కొట్టడం లేదట, జీతం వాసన బాగుందట.

మే నెల వచ్చేసరికి వదిన జుట్టు చెవుల దాకా పెరిగింది. ఈసారి తెల్లగా వస్తుందని ఊరంతా ఆశపడింది. ఎక్కడ! మునుపటికంటే ఎర్రగా వచ్చింది. లౌరీ కొత్త పడవలో చేరాడు. ఆ పొద్దున నేను వదిన గుమ్మంలో కూర్చుని ఎరకోసం ఆల్చిప్పలు ఒలుస్తున్నాను. పడవలన్నీ పోయాయనుకుని వదిన తలకి గుడ్డ లేకుండా బకెట్టు పట్టుకుని బయటికి వచ్చింది. లౌరీ వాళ్ళది ఇంకా పోలేదు. వాడు సద్ది సంచి భుజాన వేసుకుని, ఇద్దరు స్నేహితులతో దిగుతున్నాడు.

అత్తని చూసి ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. స్నేహితుల మొహాలు చూశాడు, చెయ్యి చాచి ఇనుప కమ్మీ ముట్టుకున్నాడు, వెనక్కి తిరిగాడు.

ఆల్చిప్పలు ఒళ్ళోంచి ఎక్కడ పడ్డాయో తెలియదు. పరిగెత్తి వాడి కాలరు పట్టుకుని, మీసాలొచ్చిన కొడుకుని నడివీధిలో చెంప మీద కొట్టాను. ఇంకోటి కొట్టాను.

"ఎవర్ని చూసి తిరిగావురా? ఆ జుట్టు ఎవరికోసం పోయిందిరా?"

"కొత్త వలమ్మా" అన్నాడు, కళ్ళు దించుకుని. "ఇవాళే మొదటి వేట."

మళ్ళీ చెయ్యెత్తాను. వెనక నుంచి వదిన గొంతు వినపడింది. కోపం లేదు ఆ గొంతులో.

"వదిలెయ్యవే ఎల్స్‌పీ. వెనక్కి తిరగడానికి వాడికి కాళ్ళున్నాయి. నాకంతే చాలు."

బకెట్టు నీళ్ళు పారబోసి, లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆవిడకి చాలిందేమో. నాకు చాలలేదు. ఇంటికి వెళ్ళేసరికి మా వాడు కుర్చీలో కూర్చుని గ్లాసుతో నీళ్ళు తాగుతున్నాడు, మళ్ళీ బయల్దేరడానికి. గ్లాసు లాక్కున్నాను. తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో పడేసుకున్నాను. "మీ అత్త గుమ్మం ముందుకెళ్ళి ఆవిడ మొహం చూసి ఒక్క మాట పలకరించి పడవెక్కుతానను, ఇప్పుడే తీస్తాను" అన్నాను. సాయంత్రం దాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. వాడు లేకుండానే కొత్త వలతో పడవ పోయింది. వాడు ఆ మాటా అనలేదు, తాళంచెవీ అడగలేదు.